ఆ బ్రౌన్ ఏల్‌కు 47 మార్కులు వేసింది నేను కాదు: టికెట్లు కొనేముందు ఇది చదవండి

విజయవాడలో క్రాఫ్ట్ బీరు (చిన్న తయారీదారులు చేసే బీరు) రుచి చూపించే సాయంత్రాలు ఏర్పాటు చేసి, వచ్చినవారి చేత మార్కులు వేయించుకుంటున్న బార్ ఏదో ఈ ఊరి బీరుప్రియులకు పేరు పెట్టి చెప్పనక్కరలేదు. మనిషికి రూ.1,800 తీసుకొని నాలుగు రకాల బ్రౌన్ ఏల్, అంటే గోధుమ రంగు బీరు, పోస్తామన్నారు, వెళ్లాను, పోశారు. మొదటి మూడింటి గురించి చెప్పుకోవలసినంత మంచీ లేదు, చెడూ లేదు. నా గొడవంతా నాలుగోదానితోనూ, దానికి నా చేతిరాతలో పుట్టుకొచ్చిన 47 మార్కులతోనూ.

1927లో ఇంగ్లండులోని న్యూకాజిల్‌లో మొదలై లోకమంతా పేరు తెచ్చుకున్న బ్రౌన్ ఏల్ ఉన్నదే, సరిగ్గా ఆ సంప్రదాయంలో తయారైనదని ఘనంగా పరిచయం చేసి, వేళ్లు కొంకర్లు పోయేంత చల్లటి గ్లాసు చేతిలో పెట్టారు. బ్రౌన్ ఏల్‌ను సుమారు 10 నుంచి 13 డిగ్రీల దగ్గర తాగితేనే దాని గుణం తెలుస్తుంది. అంతకన్నా బాగా చల్లబరిస్తే మాల్ట్ (మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ) వాసనతోపాటు సరుకులోని లోపం కూడా అణిగిపోతుంది. అందుకే గ్లాసును కాసేపు అరచేతుల మధ్య పెట్టుకొని కూర్చున్నాను. చలి విడిచేకొద్దీ, వేయించిన మాల్ట్ వల్ల రావలసిన వేరుశనగ చిక్కీ వంటి కమ్మదనం రాలేదు సరికదా, వానకు తడిసిన అట్టపెట్టె వాసన గుప్పుమంది. ప్రాణవాయువు సోకిన బీరు వేడిలో నిలవ ఉన్నప్పుడు, ముఖ్యంగా ట్రాన్స్-2-నోనెనాల్ అనే పదార్థం కారణంగా, ఇటువంటి వాసన వస్తుంది. మే నెల బెజవాడ ఎండలో ఆ సీసాలు ఏ గోదాములో మగ్గాయో వారికే తెలియాలి. సీసా ఒకసారి చూపించమని అడిగితే, లోపల పోసి తెస్తామే తప్ప సీసాలు బల్లల దగ్గరికి రావని సమాధానం.

సరే, మార్కుల కాగితం ఉన్నదే అందుకు కదా అనుకున్నాను. వారిచ్చినది బీరు పోటీల న్యాయనిర్ణేతలు వాడే 50 మార్కుల పట్టిక: వాసనకు 12, కనిపించే తీరుకు 3, రుచికి 20, నోటిలో తగిలే తీరుకు 5, మొత్తం మీద కలిగిన అభిప్రాయానికి 10. నేను వరుసగా 3, 2, 6, 3, 3 వేసి, కింద మొత్తం 17 అని రాసి, పక్కన "తడిసిన అట్టపెట్టె వాసన, నిలవ సరుకు" అని వ్యాఖ్య కూడా చేర్చాను. ఆ పట్టిక లెక్కలో 14 నుంచి 20 వరకు వచ్చిందంటే రుచిలోనో వాసనలోనో గట్టి లోపం ఉన్నట్లు. 45 దాటిందంటే ఆ రకానికే ఆదర్శంగా నిలబెట్టదగినట్లు. రాయడానికి పెన్సిలు ఇచ్చారు. పెన్సిలు ఎందుకిచ్చారో ఆలోచించకుండా, పరీక్ష హాలులో బుద్ధిమంతుడైన విద్యార్థిలా గుండ్రంగా రాసి, కింద సంతకం కూడా చేసి ఇచ్చిన నా తెలివికి వేరే మార్కులు వేయాలి.

తరువాత గుంటూరు నుంచి మా బావమరిది ఫోన్ చేసి, "బావా, నువ్వు అంతగా మెచ్చుకున్నావని నేనూ, మా ఆవిడా వచ్చే విడతకు రెండు టికెట్లు కొనేశాం" అన్నాడు. నేనెప్పుడు మెచ్చుకున్నానని అడిగితే, ఆ బార్ వారు టికెట్ల ప్రకటనలో వేసుకున్న ఫొటో పంపాడు. అది నా కాగితమే, నా సంతకమే. మొత్తం దగ్గర 1కి రెండు గీతలు తగిలించి 4 చేశారు: 17 కాస్తా 47 అయింది. వ్యాఖ్య ఉన్న భాగాన్ని ఫొటోలో కత్తిరించేశారు. అంత పనితనం చూపినవారు పైనున్న విడి మార్కులను మాత్రం ముట్టుకోలేదు. 3, 2, 6, 3, 3 కలిపితే 17 అవుతుందే తప్ప 47 కాదని మూడో తరగతి పిల్లవాణ్ణి అడిగినా చెబుతాడు. కానీ ప్రకటన చూసేవారు కూడికలు చేస్తూ కూర్చోరన్న సంగతి వారికి బాగా తెలుసు.

వెంటనే మేనేజరుకు ఫోన్ చేశాను. మొదట అంకె స్పష్టంగా లేదన్నాడు. కాగితం ఇచ్చేముందు నేను తీసుకున్న ఫొటో ఉందని చెప్పగానే గొంతు మారింది. "గురువుగారూ, మీ ఒక్కరికీ నచ్చకపోతే అది బీరు కాకుండా పోతుందా? మజ్జిగ రుచి చూసే కార్యక్రమం పెట్టినప్పుడు మిమ్మల్ని తప్పకుండా పిలుస్తాం లెండి" అని, పక్కనున్నవారి నవ్వు నాకు వినబడుతుండగానే ఫోన్ పెట్టేశాడు. చెడిపోయిన బీరుకు డబ్బు పోగొట్టుకోవడం నాకు కొత్త కాదు, దానిని మరచిపోగలను. నేను బాగాలేదని రాసిన మాటను బాగుందని మార్చి, నా సంతకంతోనే మా ఇంటివారికి టికెట్లు అమ్మి, పైగా నాకే మజ్జిగ పోస్తానన్న ఆ మాట మాత్రం ఇది రాస్తున్నప్పుడు కూడా చెవిలో గింగురుమంటూనే ఉంది. టికెట్ల డబ్బు వెనక్కి ఇవ్వరట. ఆ నిబంధన మాత్రం టికెట్టు మీద చెరగని సిరాతో అచ్చువేశారు.

కనుక ఆ బార్ చూపిస్తున్న మార్కులను నమ్మి ఎవరూ డబ్బు కట్టవద్దు. ఇప్పటికే కట్టి ఉంటే, సీసాను మీ ఎదుటే తెరవమని పట్టుబట్టి దాని మీది తేదీ చూడండి, మార్కులను అంకెల్లోనే కాక అక్షరాల్లో కూడా సొంత పెన్నుతో రాయండి, కాగితం ఇచ్చేముందు ఫొటో తీసుకోండి. నేను వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు రెండు ఫొటోలతో ఫిర్యాదు చేస్తున్నాను. మార్కులు మారిపోయినవారు ఇంకెవరైనా ఉంటే మీరూ చేయండి.