క్వెచువా ఎంహెచ్100 ముగ్గురి టెంటు: కుటుంబానికి ఏ మేరకు పనికొస్తుంది?

అమ్మా నాన్నా, పదేళ్లలోపు బిడ్డ ఒకరు. ఇంతవరకైతే డెకాథ్లాన్‌లో దొరికే ఈ టెంటు కళ్లుమూసుకుని కొనొచ్చు. ఇద్దరు పిల్లలుంటే దీని జోలికి వెళ్లొద్దు. టెంట్లు చేసే కంపెనీలు మనిషికి లెక్కగట్టేది 60 నుంచి 65 సెంటీమీటర్ల వెడల్పే. మన ఇళ్లలో సింగిల్ మంచమే 90 సెంటీమీటర్లు. కాబట్టి ‘ముగ్గురికి’ అంటే పక్కకు పొర్లకుండా, బ్యాగులన్నీ బయట పెట్టి పడుకునే ముగ్గురికని అర్థం. ఏ కంపెనీ టెంటైనా సరే, రాసి ఉన్న సంఖ్యలోంచి ఒకటి తీసేస్తే పెద్దవాళ్ల అసలు లెక్క తేలుతుంది.

నలుగురైతే అదే కంపెనీ అర్పెనాజ్ 4.1 చూడండి. లోపల పడకగది, ముందు నిలబడి బట్టలు మార్చుకునేంత ఎత్తున్న వసారా ఉంటాయి. కాకపోతే బరువెక్కువ, కారు ఆగిన చోటే వేసుకోవాలి. విసిరితే విచ్చుకునే ‘2 సెకండ్స్’ రకం పిల్లలకు భలే సరదా. మడిస్తే మాత్రం జల్లెడలా గుండ్రంగా పెద్ద చుట్ట అవుతుంది, బస్సులో గానీ స్కూటర్ మీద గానీ తీసుకెళ్లలేం.

ఇక ఎంహెచ్100 సంగతి. రెండు ఫైబర్‌గ్లాస్ కర్రలు ఒకదాన్నొకటి దాటుతూ వంగి నిలబెట్టే గుమ్మటం టెంటు ఇది. లోపలి గది ముందు వేసి, దానిమీద వాన గుడ్డ కప్పాలి. వాన పడుతుండగా వేస్తే గుడ్డ కప్పేలోపే లోపలి గది తడుస్తుంది. నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు తెలంగాణలో, మన్యంలో ఇది పెద్ద ఇబ్బంది కాదు. నెల్లూరు, తిరుపతి వైపు నవంబరులోనే ఈశాన్య రుతుపవనాల వానలు కాబట్టి అక్కడికి వెళ్లేవాళ్లు ఆలోచించుకోవాలి.

కర్రల దగ్గరే ఎక్కువమంది టెంటు పాడుచేసుకుంటారు. ఒక్కో ముక్కను మరోదాని లోహపు గొట్టంలోకి చివరిదాకా దింపాలి. సగం దిగిన ముక్కను వంచితే బరువంతా అంచుమీద పడి కర్ర నిలువునా చీలుతుంది. గుడ్డలోంచి దూర్చేటప్పుడు ఎప్పుడూ నెట్టాలి, లాగకూడదు. లాగితే మధ్యలో అతుకు ఊడి గుడ్డలోనే ఇరుక్కుంటుంది. చీలిన కర్రను ఒట్టి చేత్తో నిమరొద్దు, గాజు నూగు వేళ్లలో దిగి రెండు రోజులు సతాయిస్తుంది. కర్ర పట్టేంత లావున్న చిన్న లోహపు గొట్టం, కాస్త ప్లాస్టరు టేపు సంచిలో ఉంటే చీలిన చోట తొడిగి రెండు చివరలా టేపు చుట్టి రాత్రి గడిపేయొచ్చు. ఇద్దరు పెద్దవాళ్లు కలిస్తే మొత్తం పని పావుగంటలో అయిపోతుంది.

అడుగున బరకం తప్పనిసరి. ధాన్యం మీద కప్పేదే, ఏ ఎరువుల కొట్టు దగ్గరైనా దొరుకుతుంది. దాన్ని టెంటు నేలకంటే ప్రతి వైపూ ఐదు సెంటీమీటర్లు తక్కువ ఉండేలా మడవాలి. బయటికి పొడుచుకొచ్చిందంటే వానగుడ్డ మీంచి జారిన నీళ్లు బరకం మీద నిలిచి సరిగ్గా మీ వీపు కిందికి చేరతాయి.

టెంటుతో ఇచ్చే సన్న మేకులు మెత్తటి పచ్చికకు చాలు. గండికోట రాతి నేలలో అవి దిగవు. అక్కడ మేకులకు బదులు తాడును తలకాయంత రాయికి చుట్టి, దానిమీద ఇంకో పెద్ద రాయి పెట్టాలి. లోయ అంచున గాలి జోరుగా ఉంటుంది కాబట్టి అంచుకు దూరంగా వేసుకోవడం మంచిది, పిల్లలుంటే మరీను. నల్లరేగడిలో మేకు సులువుగా దిగుతుంది, రాత్రి తడిస్తే అంతే సులువుగా ఊడుతుంది. అక్కడికి పొడవాటివి వేరే కొనుక్కోవాలి. ఇసుకలో మేకును నిలువుగా కొట్టకుండా, తాడు నడిమికి కట్టి అడ్డంగా పాతిపెట్టాలి.

తెల్లారేసరికి ‘టెంటు కారుతోంది’ అని చాలామంది తిట్టుకునేది నిజానికి కారడం కాదు. ముగ్గురి ఊపిరిలోని ఆవిరి చల్లటి వానగుడ్డకు తగిలి నీటిబొట్లవుతుంది. చలేస్తోందని గాలి కిటికీలు మూస్తే బొట్లు ఇంకా పెరుగుతాయి. పైన గాలి రంధ్రాలు తెరిచే ఉంచాలి. వానగుడ్డ బిగువుగా లాగి కట్టాలి, లోపలి గదికి అది ఎక్కడా అంటకూడదు. తడి తువ్వాళ్లు లోపల ఆరేయొద్దు. దోమతెర జిప్పు మాత్రం పగలైనా, నిమిషానికి బయటికెళ్లినా వేసే ఉండాలి. తేళ్లు, జెర్రులు దూరేది ఆ నిమిషంలోనే. బూట్లు బయట వదిలితే పొద్దున దులిపి తొడుక్కోవాలి.

ఇదే టెంటు ఫ్రెష్ అండ్ బ్లాక్ రకంలోనూ వస్తుంది. ఎండను, వెలుతురును అడ్డుకునే గుడ్డ. పిల్లలు పొద్దెక్కేదాకా పడుకుంటారు, మధ్యాహ్నం కొంచెం చల్లగా ఉంటుంది. పట్టపగలు కూడా లోపల లైటు వేసుకోవాల్సి రావడం దాని లోపం. పసిపిల్లలుంటే తీసుకోండి. లేకపోతే మామూలుదే చాలు, మిగిలిన డబ్బు పరుపుకు పెట్టండి.

ఎందుకంటే చలి పైనుంచి కంటే కిందనుంచే ఎక్కువ పట్టుకుంటుంది. లంబసింగిలో డిసెంబరు, జనవరి రాత్రులు 5 డిగ్రీలకు, ఒక్కోసారి ఇంకా కిందికి దిగుతాయి. ఒంటి బరువుకు స్లీపింగ్ బ్యాగులో దూది అణిగిపోతుంది, కాబట్టి వీపు కింద అది వెచ్చదనం ఇవ్వదు. 4 మిల్లీమీటర్ల యోగా మ్యాట్ ఇక్కడ దండగ. మ్యాట్ల మీద ‘ఆర్ విలువ’ అని ఉంటుంది, ఎంత ఎక్కువైతే అంత వెచ్చన. అలాంటి చలికి 2 కంటే తక్కువది వద్దు. కారులో వెళ్లేవాళ్లకు చవక దారి ఒకటుంది: పిల్లల గదుల్లో పరిచే ఫోమ్ పలకలు వేసి, వాటిమీద ఇంట్లోని బొంత. గాలి నింపే పరుపు మెత్తగానే ఉంటుంది గానీ లోపలి గాలి చల్లబడి వీపు జిల్లుమంటుంది. దానికింద కూడా ఫోమ్ పరవాల్సిందే.

స్లీపింగ్ బ్యాగు మీద ‘0 డిగ్రీలు’ అని ఒకే అంకె ఉంటే నమ్మకండి. మంచి కంపెనీలు కంఫర్ట్ (హాయిగా నిద్రపట్టే చలి), లిమిట్ (ముడుచుకుని ఎలాగోలా గడిపే చలి) అని రెండు వేరువేరుగా రాస్తాయి. కంఫర్ట్ అంకె చూసి కొనాలి. పిల్లాణ్ని పెద్దవాళ్ల బ్యాగులో పడుకోబెడితే కాళ్ల దగ్గర ఖాళీ వెచ్చబడదు. ఆ భాగాన్ని కిందికి మడిచి తాడుతో కట్టేస్తే సరి.

స్టవ్ గురించి రెండు ముక్కలు. స్టవ్ డబ్బాలో ఉండే బ్యూటేన్ గ్యాసు మరిగేది మైనస్ 0.5 డిగ్రీల దగ్గర, ఆ దరిదాపుల చలిలో అది సరిగా ఆవిరి కాదు. అందుకే చలి పొద్దున డబ్బా నిండుగా ఉన్నా మంట నీరసంగా వస్తుంది. డబ్బాను కాసేపు స్వెటర్లో చుట్టి ఉంచినా, ఐసోబ్యూటేన్, ప్రొపేన్ కలిపిన డబ్బా కొన్నా ఆ బాధ ఉండదు. ఈ డబ్బాలు విమానంలో, రైల్లో తీసుకెళ్లనివ్వరు. కారులో వెళ్తేనే వెంట పెట్టుకోండి. టెంటు లోపల స్టవ్ గానీ బొగ్గుల కుంపటి గానీ ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు. కార్బన్ మోనాక్సైడుకు వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. అడవిలో నెగడు వేయడానికీ, అసలు టెంటు వేయడానికీ అటవీ శాఖ అనుమతి ముందే అడగాలి.

వంజంగి లాంటి కొండ మీద సూర్యోదయం చూడాలంటే చీకట్లోనే బయల్దేరాలి, కాబట్టి తలకు కట్టుకునే లైటు మనిషికొకటి ఉండాలి. ఫోను వెలుగు పట్టుకుంటే బిడ్డ చెయ్యి పట్టుకోవడానికి మనకు చెయ్యి మిగలదు. నడిచే ప్రతి గంటకు మనిషికి అర లీటరు నీళ్లు లెక్కేసుకోండి. పిల్లల వీపున బరువు వాళ్ల ఒంటి బరువులో పదో వంతు దాటకూడదు. కొత్త బూట్లు కొనేటప్పుడు మందం సాక్సులు వేసుకుని, సాయంత్రం పూట చూసుకోవాలి. దిగేటప్పుడు బొటనవేలు ముందుకు తగిలే బూటైతే గోరు నల్లబడుతుంది.

ఇంటికొచ్చాక టెంటును ఆ రోజే డాబా మీద విప్పి, నీడలో పూర్తిగా ఆరనివ్వాలి. తడిగా చుట్టి అటక మీద పడేస్తే, ముఖ్యంగా విశాఖ, కాకినాడ లాంటి ఉక్కపోత ఊళ్లలో, లోపలి పూత జిగురులా అంటుకుని ఊడిపోతుంది. ఒకసారి ఊడిన పూతను మళ్లీ పూయడం ఇంట్లో తేలిగ్గా అయ్యే పని కాదు. కారు డిక్కీలో ఎండకు వదిలేయడమూ మంచిది కాదు, కర్రల్లోని సాగే తాడు బలం పోతుంది. టెంటుతో వచ్చిన బిగువు సంచిలో కుక్కకుండా, పాత దిండు గలేబులో వదులుగా వేసి ఉంచండి.