ఎండీఎస్ ఆర్థో అయ్యాక సొంత క్లినిక్కా, విజిటింగా?

పళ్ళ డాక్టరు డిగ్రీ బీడీఎస్ ఇంటర్న్‌షిప్‌తో కలిపి ఐదేళ్ళు, దాని మీద పీజీ ఎండీఎస్ ఇంకో మూడేళ్ళు. పీజీ సీటుకి రాసే నీట్ ఎండీఎస్ పరీక్ష కోసం ఇంట్లో కూర్చుని చదివిన కాలం దీనికి అదనం. ఇంత చదువూ పూర్తిచేసి భీమవరం విష్ణు, రాజమండ్రి జీఎస్ఎల్ లాంటి కాలేజీల నుంచి బయటికొచ్చే ఆర్థో (ఎత్తుపళ్ళు, వంకరపళ్ళు క్లిప్పులతో సరిచేసే విభాగం) పిల్లలకి ఒకటే టెన్షన్: సొంత బోర్డు పెట్టాలా, నాలుగు ఊళ్ళు తిరుగుతూ వేరే డెంటిస్టుల క్లినిక్‌లలో విజిటింగ్ చేయాలా? ఇంట్లోవాళ్ళు సొంత క్లినిక్కే అంటారు. నేను మాత్రం మొదటి రెండు మూడేళ్ళు విజిటింగే మేలంటాను.

ఆర్థో కేసు మన దగ్గర ఎలా వస్తుందో చూడండి. పిప్పిపన్ను నొప్పని పాపని తల్లి పాలకొల్లులో తెలిసిన డెంటిస్టు దగ్గరికి తీసుకెళ్తుంది. ఆయన సిమెంట్ పెడుతూ "అమ్మా, పైపళ్ళు ఎత్తుగా ఉన్నాయి, ఈ వయసులోనే క్లిప్పులు వేయిస్తే మంచిది" అంటాడు. కొత్త డాక్టరుకి చాలా కేసులు ఆ ఒక్క మాట మీదే వస్తాయి. మీరు అదే ఊళ్ళో క్లినిక్ తెరిచి, అద్దె గిట్టుబాటు కాక రూట్ కెనాళ్ళు, క్యాపులు కూడా మొదలుపెట్టారనుకోండి, ఆయనకి మీరు పోటీ అయిపోతారు. ఆ తర్వాత కేసు ఎందుకు పంపుతాడు?

విజిటింగ్‌లో కుర్చీ, ఎక్స్‌రే, పరికరాల్లో క్రిములు చంపే ఆటోక్లేవ్ ఆ క్లినిక్ వాళ్ళవి. పళ్ళకి అతికించే బ్రాకెట్లు, వాటిలో బిగించే వైర్లు, ప్లయర్లు పెట్టుకున్న పెట్టె మీది. భీమవరంలో కాపురం పెడితే పాలకొల్లు, చించినాడ వంతెన దాటి రాజోలు, బోడసకుర్రు వంతెన మీదుగా అమలాపురం, ఇలా రోజుకో ఊరు పెట్టుకోవచ్చు. పేషెంటు నాలుగు నుంచి ఆరు వారాలకోసారి వస్తే చాలు కాబట్టి ఈ పద్ధతి ఆర్థోకి బాగా కుదురుతుంది. ఫీజులో మీ పర్సంటేజీ ఎంత, మెటీరియల్ ఖర్చు ఎవరిది అన్నది మొదటి రోజే కాగితం మీద రాసుకోండి.

ఇబ్బంది లేకపోలేదు. మీరు మంగళవారం చూసి వెళ్ళారు. గురువారం పిల్లాడు జంతిక కొరికాడు, బ్రాకెట్ ఊడింది, వైరు కొస చెంపకి గుచ్చుకుంటోంది. మీరు మళ్ళీ వచ్చేది పదిహేను రోజులకి. సొంత క్లినిక్ అయితే ఆ సాయంత్రమే చూసేస్తారు. విజిటింగ్‌లో అక్కడి డాక్టరుకి వైరు కొస కత్తిరించడం ముందే చూపించాలి, గుచ్చుకునే చోట అద్దుకోవడానికి పేషెంటు చేతిలో ఆర్థో వ్యాక్స్ (మైనం) పెట్టి పంపాలి, ఫోను ఎత్తాలి. ఇంకోటి, ఏడాదిన్నర రెండేళ్ళు నడిచే వైద్యం ఇది. మధ్యలో ఆ క్లినిక్‌తో చెడితే నలిగేది పేషెంటే. అందుకే ఫొటోలు, ఓపీజీ, సెఫలోగ్రామ్ అనే దవడ, తల ఎక్స్‌రేల కాపీలు మీ దగ్గర కూడా ఉంచుకోండి.

డబ్బు విషయంలో సొంత క్లినిక్‌ది పైచేయి. "దాళ్వా ధాన్యం డబ్బులు పడ్డాక కడతామండీ", "రొయ్యల పట్టుబడి అయ్యాక ఇస్తాం" అనే ఇళ్ళు మనవి. మీ క్లినిక్కైతే సరేనంటారు. వేరేవాళ్ళ క్లినిక్‌లో లెక్క వాళ్ళది, మాట మీది కాదు.

కాలేజీలో సీనియర్ లెక్చరర్ ఉద్యోగం మూడో దారి. పాఠం చెప్పడం నిజంగా ఇష్టమైతే మంచిదే, సాయంత్రాలు ప్రాక్టీసుకి మిగులుతాయి. జీతం కోసమే అయితే వద్దు.

భార్యో భర్తో అన్నయ్యో జనరల్ డెంటిస్టయితే నా లెక్క మారుతుంది. వాళ్ళు మిగతా పనులు చూసుకుంటారు, మీరు మొదటి రోజు నుంచే సొంతంగా కూర్చోవచ్చు. మిగతావాళ్ళు మొదట వేసిన కేసులకి క్లిప్పులు తీసి, పళ్ళు మళ్ళీ కదలకుండా పెట్టుకునే రిటైనర్లు ఇచ్చేదాకా ఆగండి. అప్పటికి చూపించడానికి మీ చేతి పని ఉంటుంది, ఆ ఇళ్ళలోని తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ వరస కడతారు. బోర్డు మీద ఆర్థో ఒక్కటే రాయించండి. పిప్పిపన్నుతో ఎవరైనా వస్తే, మీకు కేసులు పంపిన డెంటిస్టు దగ్గరికే పంపండి.