పాత రైఫిల్‌ను ‘కొత్తదానిలా చేసిస్తాం’ అనే మరమ్మతుదారులతో జాగ్రత్త

తాతగారి కాలం నుంచి మా ఇంట్లో ఉన్న పాత బోల్టు (తూటా గదిని వెనుక నుంచి మూసే, చేత్తో జరిపే లోహపు కడ్డీ) రైఫిల్‌ను, పైన పట్టిన తుప్పు తీసి నూనె రాయడం తప్ప మరేమీ చేయవద్దని స్పష్టంగా చెప్పి, లైసెన్సు ఉన్న ఒక మరమ్మతు శాలకు అప్పగించాము. తిరిగి చేతికొచ్చిన రైఫిల్ మెరుస్తోంది గాని, పోయినవి మళ్లీ వచ్చేవి కావు. గొట్టాన్ని మోటారు చక్రం మీద సానపట్టడం వల్ల తయారీదారు ముద్ర, గొట్టం బలాన్ని పరీక్షించి వేసిన ముద్రలు చదవడానికి వీల్లేనంతగా అరిగిపోయాయి. పదునుగా ఉండవలసిన అంచులు గుండ్రబడ్డాయి. స్క్రూ రంధ్రాల చుట్టూ లోహం పళ్లెంలా గుంటపడింది. అన్నిటికంటే ఆందోళన కలిగించేది సీరియల్ నంబరులో కొన్ని అంకెలు మసకబారడం. నంబరు చెరిగిన ఆయుధాన్ని దగ్గర ఉంచుకోవడం చాలా దేశాల్లో నేరం.

ఎలా చేశారని అడిగితే, కాస్టిక్ సోడా, నైట్రేట్ లవణాలు కలిపి సుమారు 140 డిగ్రీల సెల్సియస్ వరకు కాచిన ద్రావణంలో ముంచి నల్లరంగు ఎక్కించామని చెప్పారు. ఆధునిక రైఫిళ్లకు ఈ పద్ధతి సరిపోతుంది. కాని మెత్తని టంకంతో అతికించిన భాగాలున్న పాత తుపాకులలో, ముఖ్యంగా జంట గొట్టాల వాటిలో, ఆ ద్రావణం టంకాన్ని తినేస్తుంది. నిజానికి ఎర్రతుప్పు పట్టిన భాగాలను విడదీసి శుభ్రమైన నీటిలో మరగనిస్తే తుప్పు నల్లని ఆక్సైడుగా మారుతుంది. దానిని మెత్తని ఉక్కు పీచుతో తేలికగా రుద్ది నూనె రాస్తే, అసలు లోహం అరగకుండానే పని పూర్తవుతుంది. ఇంత నిదానమైన పనికి ఓపిక లేనివారే చక్రాన్ని ఆశ్రయిస్తారని నా అభిప్రాయం.

చెక్కనూ వదలలేదు. గరుకు కాగితంతో లోహం అంచుకంటే కిందికి అరగదీసి, పాత అవిసె నూనె పూతకు బదులు ప్లాస్టిక్ వార్నిష్ వేశారు.

కనుక ఇలాంటి పనికి డబ్బు చెల్లించబోయేవారు, ప్రతి ముద్రనూ, ప్రతి నంబరునూ దగ్గరగా ఫొటో తీసి, సానచక్రం, గరుకు కాగితం వాడరాదని పనిపత్రంలో రాయించి, సంతకం తీసుకున్న తరువాతే ఆయుధాన్ని అప్పగించండి. తిరిగి తీసుకునేటప్పుడు బోల్టు మీది నంబరును ఆ ఫొటోలతో పోల్చి చూడండి. బోల్టు మారితే తూటా వెనుక ఉండవలసిన ఖాళీ మారిపోయి, పేల్చినప్పుడు తూటా తొడుగు చీలి, వేడి వాయువు పేల్చేవారి ముఖం వైపు ఎగదన్నవచ్చు. అందుచేత, నంబర్లు కలవకపోతే, అర్హత గల నిపుణుడు గేజితో ఆ ఖాళీని కొలిచి సరిగా ఉందని చెప్పేవరకు ఆ రైఫిల్‌ను పేల్చకండి.