ప్రతి మెట్టులో రౌండ్ చేయడమా, చివర్లోనా: ఏది మేలు?

ఒడిశాలోని పర్లాకిమిడిలో స్థలాన్ని డెసిమిల్లలో చెబుతారు, సరిహద్దు దాటి ఆంధ్రాలోని పాతపట్నం వస్తే సెంట్లలో. పేరే వేరు. రెండూ ఎకరంలో నూరో వంతే, అంటే 40.47 చదరపు మీటర్లు. తేడా వచ్చేది లెక్క చేసే తీరులో.

ఒక ఇంటిస్థలం పొడవు 18.7 మీటర్లు, వెడల్పు 11.8 మీటర్లు అనుకుందాం. రెండిట్లోనూ మూడేసి సార్థక అంకెలు, అంటే కొలిచి చెప్పగలిగిన అంకెలు. గుణిస్తే 220.66 చదరపు మీటర్లు. దీన్ని డెసిమిల్లలోకి మార్చాలి.

కాలిక్యులేటర్ చూపిందంతా దించేస్తే 5.45243. పది సెంటీమీటర్ల దాకానే చదివిన టేపు నుంచి ఇన్ని అంకెలు రావు. చివరివన్నీ ఉత్త అలంకారం.

మెట్టుమెట్టుకీ కుదించేవాళ్లు, అంటే రౌండ్ చేసేవాళ్లు, 220.66ను ముందే 221 చేసి భాగిస్తారు, 5.46 వస్తుంది. నోటిలెక్క కోసం 40.47ను 40 చేస్తే ఇంకా ఘోరం. విస్తీర్ణాన్ని ముట్టుకోకపోయినా జవాబు 5.52 అవుతుంది. దాదాపు 2.7 చదరపు మీటర్లు, ఓ మరుగుదొడ్డి కట్టుకునేంత జాగా, కాగితం మీదే పుట్టుకొచ్చిందన్నమాట.

మేలైనది మూడో పద్ధతి: మధ్యలో ఒకటి రెండు అంకెలు ఎక్కువే ఉంచుకుని చివర్లో ఒక్కసారే కుదించడం. 220.7ను 40.47తో భాగిస్తే 5.453, కొలతల్లో మూడేసి సార్థక అంకెలే కాబట్టి రాయాల్సింది 5.45.

అలాగని 5.45కీ 5.46కీ మధ్య ఆమీన్‌తో (భూమి కొలిచే ఉద్యోగితో) తగువు పెట్టుకోనక్కర్లేదు. రెండు కొలతల్లోనూ 5 సెంటీమీటర్లు ఒకేవైపు తప్పితే విస్తీర్ణంలో సుమారు 0.7 శాతం, అంటే 0.04 డెసిమిల్ తేడా ఎలాగూ వస్తుంది. హద్దు తగాదా ఉంటే లెక్క కాదు, కొలతే మళ్లీ తీయాలి. టేపు బిగించి పట్టాలి. వేలాడినా, వాలు వెంబడి పరిచినా కొలత ఎక్కువ చూపిస్తుంది. సెంటీమీటరు దాకా చదవండి. సరిగ్గా 18.70 వచ్చినా ఆ సున్నా వదలొద్దు, అంత దాకా చూశామనడానికి అదే సాక్ష్యం.

కూడికకు నియమం వేరు. అక్కడ చూడాల్సింది దశాంశ స్థానాలు. 12.3, 5.45, 0.875 డెసిమిల్ల ముక్కలు కలిపితే 18.625. 12.3లో ఒక్క దశాంశ స్థానమే ఉంది కాబట్టి మొత్తంగా రాయాల్సింది 18.6. దాన్నే ముగ్గురు అన్నదమ్ములు పంచుకుంటే, ఆ 3 మనుషుల లెక్కే గానీ కొలత కాదు. ఒక్క అంకే ఉంది కదా అని వాటాను 6 అనకూడదు. కుదించిన 18.6ను భాగిస్తే 6.20, 18.625నే భాగించి 6.21 రాయాలి.