భుజానికి ‘టెండన్ ట్రాన్స్‌ఫర్ ప్యాకేజీ’ అంటున్నారా? అడ్వాన్స్ కట్టకముందే ఇది చదవండి

కోనసీమలో కొబ్బరి దింపు కార్మికులకి, బస్తాలు మోసేవాళ్లకి భుజం టెండన్లు (కండరాన్ని ఎముకకి కలిపే తాళ్లు) తెగడం కొత్తేమీ కాదు. అలాంటి ఒక దింపు కార్మికుడికి ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఈ ప్యాకేజీ అంటగట్టారు. చెయ్యి ఇప్పటికీ భుజం ఎత్తుకి లేవట్లేదు. ఎక్కడ చెడిందో చూడండి.

ఇది తెగిన టెండన్‌ని కుట్టే ఆపరేషన్ కాదు. వీపు కండరం లాటిసిమస్ డోర్సైని చేతి ఎముక దగ్గర ఊడదీసి, అదే ఎముక పైగుబ్బ మీద వెనకవైపుకి తెచ్చి యాంకర్లతో, అంటే ఎముకలో దిగ్గొట్టే చిన్న మేకుల్లాంటి వాటితో, బిగిస్తారు. ఇన్నాళ్లూ చేతిని లోపలికి తిప్పిన కండరం ఇక బయటికి తిప్పాలి. భుజం ముందువైపు ఉండే సబ్‌స్కాపులారిస్ అనే కండరం బాగుంటేనే దీనికి పట్టు దొరుకుతుంది. ఇతనికి అదీ తెగిందని ఎమ్మారై రిపోర్టులోనే ఉంది, అయినా చేసేశారు! అరచేతిని పొట్టకి అదిమి మోచేతిని ముందుకి తెమ్మనండి. మోచెయ్యి వెనక్కి జారిపోతే ఆ కండరం మీద అనుమానపడాల్సిందే.

రిపోర్టు కాగితంతో సరిపెట్టుకోకుండా ఎమ్మారై సీడీ కూడా తీసుకోండి. అందులో టీ1 అనే రకం బొమ్మలు చూసి గుటాలియే గ్రేడు (తెగిన టెండన్ తాలూకు కండరంలో ఎంత కొవ్వు చేరిందో చెప్పే అంకె) ఎంతో చెప్పమనండి. 3 అంటే కండరంతో సమానంగా కొవ్వు, 4 అంటే కొవ్వే ఎక్కువ. 2 లోపయితే మామూలుగా కుట్టడం ఎందుకు కుదరదో అడగండి. 70 దాటి, కీలు కూడా అరిగిపోతే టెండన్ మార్పిడి కన్నా రివర్స్ షోల్డర్ కీలు మార్పిడి (గుండు, గిన్నె స్థానాలు తారుమారు చేసి పెట్టే కృత్రిమ కీలు) వైపే చూస్తారు. భుజాన్ని పైనుంచి కప్పి ఉండే డెల్టాయిడ్ కండరం పనిచెయ్యకపోతే ఈ రెండూ నడవవు.

అసలు కొంప ముంచింది స్లింగు. మెడకి వేలాడేసే మామూలు స్లింగు ఇచ్చి ఇంటికి పంపారు. అది చేతిని పొట్ట మీదికి తిప్పి ఉంచుతుంది, అంటే కొత్త కుట్టు సాగే వైపుకే. కావాల్సింది చేతిని పక్కకి ఎత్తి, బయటికి తిప్పి పట్టే బ్రేసు. దాన్ని రాత్రిళ్లు కూడా తియ్యకుండా ఆరు వారాలైనా ఉంచాలి. సందు చివర మెడికల్ షాపులో అడిగిన వెంటనే దొరికే సరుకు కాదు, ఆపరేషన్‌కి ముందే కొలతలిచ్చి తెప్పించుకోవాలి.

ప్యాకేజీలో ఫిజియోథెరపీ ఉందో లేదో రాయించుకోండి, సాధారణంగా కలపరు. బలం పెంచే వ్యాయామాలు దాదాపు 12 వారాల తరవాతే మొదలవుతాయి, కోలుకోవడానికి ఆరు నెలల నుంచి ఏడాది పడుతుంది. ‘మూడు నెలల్లో చెట్టెక్కొచ్చు’ అన్నవాళ్లని నమ్మొద్దు. బాగా కుదిరినా పాత బలం మొత్తం తిరిగి రాదు.

వాడిన యాంకర్ల స్టిక్కర్లు, లాట్ నంబర్లతో సహా, కేస్ షీటు మీద అంటించమనండి. బిల్లులో రాసిన యాంకర్ల లెక్కా ఆ స్టిక్కర్ల లెక్కా ఒకటి కాకపోతే బ్యాలెన్స్ కట్టకముందే నిలదీయండి.