మూతి వంకరపోతే మాత్రలా, సూదులా?

మొన్నటి చలికాలం ఒకరోజు పొద్దున మా చిన్నమ్మ నోరు పుక్కిలిస్తుంటే నీళ్లు కుడివైపు నుంచి చీర మీదికి కారిపోయాయి. అద్దంలో చూసుకుంటే మూతి ఎడమకు లాగి ఉంది, కుడి కన్ను మూతపడటం లేదు. గంటలో ఇల్లంతా చుట్టాలు. హన్మకొండలో ఆక్యుపంక్చర్, అంటే ఒంటికి సన్నటి సూదులు గుచ్చే వైద్యం, చేసే ఒకాయన ఉన్నాడని మామయ్య, ఊరికి పోయి పసరు పోయిద్దామని అత్తమ్మ.

ముందు తేల్చాల్సింది వేరే ఉంది. మాట తడబడినా, చెయ్యి కాలు పట్టుతప్పినా బ్రెయిన్ స్ట్రోక్ కావచ్చు, వెంటనే 108కి ఫోన్ చేయాలి. నుదురు మామూలుగా ముడతపడుతూ మూతి ఒక్కటే జారినా అదే అనుమానం. చిన్నమ్మకు నుదుటి మీద కుడివైపు ముడతే పడలేదు. ముఖం నరం వాచిందని, దీన్ని బెల్స్ పాల్సీ అంటారని డాక్టర్ చెప్పారు. కనుబొమ్మను చూసి మనమే తేల్చుకోవద్దు, డాక్టరే చూడాలి.

మాత్రలంటే వాపు తగ్గించే స్టెరాయిడ్, పేరు ప్రెడ్నిసొలోన్. 72 గంటల్లోపే మొదలుపెట్టాలి. దీని మీద స్కాట్లాండ్‌లో చేసిన ఒక అధ్యయనం 2007లో అచ్చయింది. మూడు నెలలకు ఈ మాత్రలు వాడినవాళ్లలో 83 శాతం మందికి, వాడనివాళ్లలో 64 శాతం మందికి ముఖం పూర్తిగా సర్దుకుంది. షుగర్ ఉన్నవాళ్లకు టెన్షన్ సహజమే, ఎందుకంటే స్టెరాయిడ్‌తో షుగర్ పెరుగుతుంది. అది డాక్టర్‌కు ముందే చెప్పి, రోజూ చూసుకుంటూ వాడాలి.

ఇక సూదులు. పెదవి మూల, చెంప, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య సన్నటి సూదులు గుచ్చి కాసేపు ఉంచుతారు. పెద్దగా నొప్పి ఉండదు. కానీ ఏ వైద్యం చేయకున్నా పదిమందిలో ఏడుగురికి ఈ జబ్బు దానంతటదే తగ్గుతుంది. పదిహేను సిట్టింగ్‌లకు పోయినవాళ్లు తగ్గిందంటే పేరు సూదులకే వస్తుంది. చైనాలో చేసి 2013లో అచ్చయిన ఒక పరిశోధనలో సూదులను గట్టిగా తిప్పితే ఫలితం మెరుగని తేలింది. అయితే అందులో రోగులందరికీ స్టెరాయిడ్ కూడా ఇచ్చారు. ఈ సంగతి ఎవరూ చెప్పరు.

నన్నడిగితే మొదటి మూడు రోజుల్లోనే మాత్రలు మొదలుపెట్టాలి. సూదులు తర్వాత, అదీ మాత్రలకు తోడుగా. కొత్త సూదుల ప్యాకెట్ మన కళ్లముందే విప్పాలి. చిన్నమ్మ రెండోరోజు మాత్రలు మొదలుపెట్టింది, మూడోవారం నుంచి సూదులకు పోయింది. "చెంప తేలికైందే బిడ్డా" అనేది. ఆ ఊరటను నేను కాదనను.

ఈ గొడవలో అందరూ మరిచేది కన్ను. రెప్ప పడకపోతే నల్లగుడ్డు ఎండి పుండు పడుతుంది, చూపు దెబ్బతింటుంది. చిన్నమ్మకు పగలు చుక్కలు, రాత్రి ఆయింట్‌మెంట్ వేసి, రెప్ప దించి టేపు అంటించేదాన్ని. బయటికి పోతే కళ్లద్దాలు. ఏడో వారంలో ఒక రాత్రి టేపు తీసుకుని పోతే చెయ్యి అడ్డంపెట్టి, "ఆగు" అని తానే కన్ను మూసింది.