బెంగళూరులో పాత పార్క్ స్కీలు కొనేవారికి హెచ్చరిక: ముందు బైండింగులు చూడండి

బెంగళూరులో ఉంటూ చలికాలంలో గుల్మార్గ్‌కో ఔలీకో వెళ్లి స్కీయింగ్ నేర్చుకున్న మనవాళ్లు కొందరు ఇప్పుడు మంచు పార్కుల్లోని రెయిళ్లు (జారే కడ్డీలు), బాక్సులు (జారే పెట్టెలు), చిన్న జంపుల మీద విన్యాసాలు మొదలుపెట్టాలని, అందుకు వాడే పార్క్ స్కీలను తక్కువ ధరలో సొంతంగా కొనుక్కోవాలని వెతుకుతున్నారు. వారంతా డబ్బు చెల్లించే ముందు ఇది చదవాలని కోరుతున్నాను.

మారతహళ్లిలో ఉంటున్న మా పిన్ని కొడుకు, ఆన్‌లైన్‌లో పాత సామాను అమ్మే ఒక వ్యక్తి దగ్గర “కొత్తవారికి అనువైన పార్క్ స్కీలు, బైండింగులతో సహా” అన్న ప్రకటన చూసి 18,000 రూపాయలకు ఒక జత కొన్నాడు. బైండింగు అంటే బూటును స్కీకి పట్టి ఉంచే భాగం. ప్రకటనలో పైభాగం ఫొటోలే ఉన్నాయి. అడుగుభాగం చూపించమంటే, మైనం పూసి ఉంది కాబట్టి ఫొటో స్పష్టంగా రాదని జవాబిచ్చారు. సరుకు చేతికి వచ్చాక చూస్తే, సరిగ్గా పాదం కింద ఉక్కు అంచు పగిలి, పక్క గోడ నుంచి విడిపోయి ఉంది. బైండింగుల కింద అంతకుముందు స్క్రూల కోసం రెండుసార్లు వేసి పూడ్చిన రంధ్రాలు బయటపడ్డాయి. ఫోన్ చేస్తే, వాడిన వస్తువును వెనక్కి తీసుకునేది లేదని చెప్పి, ఆ తరువాత ఫోన్ ఎత్తడం మానేశారు.

రెయిల్ మీద జారేటప్పుడు బరువంతా పాదం కిందే పడుతుంది కాబట్టి, పార్కులో వాడిన స్కీల అంచు అక్కడ సన్నగా చిట్లడం మామూలే. అంతమాత్రాన అవి పనికిరావని నేను అనను. అయితే అంచు విడిపోతే లోపలి చెక్కలోకి నీరు దిగి పొరలు ఊడిపోవడం మొదలవుతుంది. రంధ్రాలు ఒకదానికొకటి మరీ దగ్గరగా ఉంటే స్క్రూలకు పట్టు ఉండదు, జంప్ నుంచి దిగే సమయంలో బైండింగ్ ఊడి రావచ్చు.

అన్నిటికంటే నన్ను భయపెట్టినవి ఆ బైండింగులే. పడినప్పుడు బూటును సకాలంలో వదిలిపెట్టి కాలి ఎముకను కాపాడేది అదే భాగం. ఎంత బలానికి వదలాలన్నది బరువు, ఎత్తు, వయసు, నైపుణ్యం, బూటు అడుగు పొడవు చూసి నిర్ణయించి, యంత్రంతో పరీక్షించాలి. తయారీ కంపెనీలు తాము ఇంకా బాధ్యత వహించే మోడళ్ల జాబితాను విడుదల చేస్తాయి. అమెరికాలో వర్క్‌షాపులు అందులో లేనివాటిని ముట్టుకోవు. మా వాడి బైండింగుల ప్లాస్టిక్ పసుపు రంగుకు తిరిగి పెళుసెక్కింది. గుల్మార్గ్‌లో ఒక మెకానిక్ వాటిని చూడగానే సరిచేయనని చెప్పేశాడు. ఆయన చేసింది సరైన పని. పైగా మా వాడి కొత్త బూట్లు గ్రిప్‌వాక్ అడుగువి (నడవడానికి వీలుగా వంపు తిరిగిన అడుగు), అంటే ఐఎస్‌ఓ 23223 అనే అంతర్జాతీయ ప్రమాణానికి చెందినవి. ఆ బైండింగులేమో ఐఎస్‌ఓ 5355 ప్రకారం చదునుగా ఉండే పాత అడుగుకు తయారైనవి. ఈ రెండూ కలిసినప్పుడు బూటు లోపల కూర్చున్నట్టే కనిపిస్తుంది, కానీ వదలవలసిన సమయంలో వదులుతుందన్న నమ్మకం ఉండదు.

రెండు కొసలూ పైకి వంగి ఉంటే చాలు, పార్క్ స్కీ అని అమ్మేస్తున్నారు. వెనక్కి తిరిగి దిగడానికి ఆ ఆకారం అవసరమే. అయితే 1990ల చివర సాలమన్ కంపెనీ టెన్‌ఎయిటీ అనే స్కీ వచ్చినప్పటి నుంచి అటువంటి స్కీలు విరివిగా తయారవుతున్నాయి కాబట్టి, ఆకారాన్ని చూసి వయసు అంచనా వేయడం సాధ్యం కాదు. ఇరవై ఏళ్ల నాటి జత కూడా ఫొటోలో కొత్తదానిలాగే ఉంటుంది.

అందువల్ల అడుగుభాగం, రెండు అంచులు, బైండింగ్ మోడల్ పేరు కనిపించే ఫొటోలు ఇవ్వనివారి దగ్గర ఎంత చవకగా వచ్చినా కొనవద్దు. రెండు స్కీల అడుగులను ఎదురెదురుగా ఆనించి వీడియో తీయమనండి. ఒకటి వంగిపోయి ఉంటే అప్పుడే తెలుస్తుంది. చేతిలో ఉన్న డబ్బు పరిమితమైతే ముందు సరిపోయే కొత్త బూట్లు కొనుక్కుని, స్కీలు వెళ్లినచోట అద్దెకు తీసుకోవడం మేలని నా అభిప్రాయం. కొనాలనే నిశ్చయించుకుంటే, బూటు మడమ దగ్గర మిల్లీమీటర్లలో ముద్రించి ఉన్న అడుగు పొడవును, అడుగు రకాన్ని అమ్మేవారికి పంపి, ఆ బైండింగ్ దానికి సరిపోతుందన్న మాటను డబ్బు కట్టకముందే రాతపూర్వకంగా తీసుకోండి.